కొమ్ముకో కడెం ఉన్న రాగి బిళ్ళ

"సారూ, కుల్చారం పిల్లగానికి కొత్త మొలతాడు కట్టిండ్రట."

"మరి బిళ్ళ?"

"బిళ్ళ గదే సారూ. కొమ్ములు ఇంగ జర పల్చవడ్డయట."

"అయితే అరుగుతనే ఉన్నదన్నట్టు. మంచిగయింది. అరగనియ్యమ్మా."

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. పెద్ద చర్చి వెనక వీధిలో ఆయన ఇల్లు. వాకిట్లో నులక మంచం మీద పడుకుని ఉన్నారు సారు. నేను జామపండ్లు తీసుకుపోయాను. ఆయనకు నోట్లో పళ్ళు లేవుగా, ఒక పండు చేతిలో పట్టుకుని వాసన చూశారు, అంతే. కొన్నాళ్ళకే పోయారు. ఏడ్చాను గానీ, చెప్పవలసింది ఆయనకు చెప్పే వచ్చాననే తృప్తి నాకుంది.

ఆ బిళ్ళ సంగతి రాసిపెట్టాలని మా మనవరాలు వెంటపడింది. నేను చెబుతుంటే అది రాస్తోంది. నా గొంతు మోటు, నా మాట మోటు. దాన్ని పుస్తకం భాషలోకి దిద్దుతానంటే దిద్దుకొమ్మన్నాను. మనుషులు అన్న మాటల్ని మాత్రం అన్నవి అన్నట్టే ఉంచమన్నాను. నాకు చదువు లేదు. బస్సు బోర్డు మీద "మెదక్" అని కూడబలుక్కుంటాను, అంతవరకే.

నేను పని చేసింది మెదక్ బజారులో, రాగి ఇత్తడి సామాన్ల దుకాణంలో. మా ఆయన అక్కడ హమాలీ. ఆయన పోయాక సేటు మా ఇంటికి మనిషిని పంపాడు. "ఏడ్సుడు అయినంక దుకాణానికి రమ్మనుండ్రి" అన్నాడట. ఆ ముక్కతో నా ఇద్దరు పిల్లలు బతికారు. సేటు నోరు చెడ్డది, చెయ్యి మంచిది. అది ఇప్పుడే చెబుతున్నాను, తర్వాత మరిచిపోతానేమోనని.

పిల్లలూ, మీరు పుట్టేనాటికి అందరిళ్ళలో స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బిందెలు. అంతకుముందు అట్లా లేదు. నేను పనిలో చేరిన రోజుల్లోనే బజారు మారింది. కొత్త కొత్త సామాను దుకాణాలకు దిగింది. మిక్సీలు, రంగు టీవీలు, తళతళలాడే స్టీలు. ఎల్దుర్తి నుంచీ రామాయంపేట నుంచీ జనం తాతల నాటి గుండిగలూ కాగులూ నెత్తిన పెట్టుకుని మా దుకాణానికి తెచ్చారు. తెచ్చినవి తూకం వేయడం సేటు వంతు. వెనక పెరట్లో కూర్చుని వాటిని ఏరడం మా వంతు. రాగి ఒక కుప్ప, ఇత్తడి ఒక కుప్ప, కంచు ఒక కుప్ప.

మా అంటే నేనూ, పెద్దక్కా. నాకంటే ముందు నుంచి ఆ పెరట్లో కూర్చున్న మనిషి ఆమె. చిన్న సుత్తితో కొట్టి, మోత విని, ఏది ఏ లోహమో చెప్పడం నాకు నేర్పింది. నేను తప్పు చెబితే ఆ సుత్తినే నా తల దగ్గరికి తెచ్చి "ఇది ఏం మోగుతదో సూద్దామా?" అనేది. అట్లా నవ్వుతూ నేర్పింది.

పాత గిన్నెల్లో ఏమేమో దొరికేవి. చింతగింజలు, ఎండిన వక్కలు, మట్టెలు. వెండి దొరికితే అమ్మినవాళ్ళను వెతికి ఇచ్చేయాలని సేటు ఆన. రాగి ముక్కలు దొరికితే ఒక గంపలో వేసేవాళ్ళం. ఆ గంపలో ఎక్కువగా ఉండేవి తాడు దూరేలా పొక్క పెట్టిన పాత పైసలు. మా దిక్కు పిల్లలకు దిష్టి తగలకుండా మొలతాడుకు రాగి బిళ్ళ కట్టడం ఉంది కదా. పిల్లలు పెద్దయ్యాక దాన్ని ఏ చెంబులోనో దాచేవారు. చెంబు అమ్మేనాటికి లోపల బిళ్ళ ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. గంప నిండితే తుక్కుతో పాటు లారీకెక్కి హైదరాబాదు కొలిమికి పోయేది.

సారు వచ్చేది ఆ గంప కోసమే. మిషన్ బడిలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. జేబులో భూతద్దం, చెవి మీద పెన్సిలు. గంప ముందు స్టూలు వేసుకుని ఒక్కొక్క పైసనూ ఎండకు వాలుగా పట్టి చూసేవారు. నచ్చినవాటి మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే, కంటికి కనబడని గీతలు కాగితం మీద తేలేవి. ఆ కాగితాలు ఇంటికి తీసుకుపోయేవారు, పైసలు గంపలోనే వేసేవారు. పెద్దక్కకు అది వింతగా ఉండేది.

"పైసలు ఇడిసి కాయితం తీస్కపోయేటోన్ని మిమ్ములనే సూసిన సారూ."

"పైసలు తీస్కపోతే నా భార్య నన్ను ఇంట్ల రానియ్యదమ్మా. ఇప్పటికే ఒక పెట్టె ఉన్నది."

ఇదంతా ఎందుకు చెప్పానంటే, అసలు కథకు ఈ ముగ్గురూ కావాలి.

తెలంగాణ కోసం ఊళ్ళన్నీ రోడ్డు మీద కూర్చున్న రోజులవి. సమ్మె. బస్సులు డిపో దాటలేదు. బడులు తెరవలేదు. మా సేటు సగం షట్టరు దించి, తనూ వెళ్ళి శిబిరంలో కాసేపు కూర్చుని వచ్చేవాడు. లారీ రాలేదు, సరుకూ రాలేదు. పెద్దక్క పని లేకుండా కూర్చోలేదు.

"ఊకె కూసుంటే చేతులు గుంజుతున్నయే" అని పెద్ద బేసినులో చింతపండు పిసికి, ఉప్పు కలిపి, గంపలోని బిళ్ళలన్నీ అందులో కుమ్మరించింది. పండుగకు దేవుని సామాను తోమినట్టు పీచుతో తోమింది. ఎన్నేళ్ళ నలుపో, ఒక్క పూటలో పోయింది. కొత్త పెళ్ళికూతురి చేతుల్లా అన్నీ ఎర్రగా మెరిశాయి. సారు వచ్చి చూసి నెత్తి పట్టుకున్నారు.

"ఎంత పని చేసినవమ్మా! ఆ నలుపే కదా దాని వయసు!"

"వయసు దాసుకునుడు పైసలకు గుడ కావాలె సారూ" అంది పెద్దక్క, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున కుల్చారం నుంచి ఒక అవ్వ వచ్చింది. బస్సులు లేవుగా, కొంత దూరం ఎడ్లబండి మీద, మిగతాది నడిచీ వచ్చింది. వచ్చీ రావడంతోనే గడప మీద కూలబడింది. నీళ్ళిచ్చాను.

"బిడ్డా, నా చెంబు గిక్కడికి వచ్చిందట."

ఆమె కొడుకు ఆ ఎండాకాలంలో లారీ కింద పడి పోయాడు. అప్పటికి కోడలు నిండు చూలాలు. కోడలిని కాన్పుకు దవాఖానాలో చేర్చి అవ్వ అక్కడే ఉండగా, అవ్వ తమ్ముడు ఖర్చుల కోసం ఇంట్లో రాగి సామాను తెచ్చి మాకు అమ్మాడు. అందులో ఒక చెంబు. ఆ చెంబులో ఒక గుడ్డపేలిక, పేలికలో ఒక బిళ్ళ. ఆ ఇంట్లో పుట్టిన మొదటి మగపిల్లవాడి మొలకు ఆ బిళ్ళే కట్టాలి. ఆమె మామకు కట్టారు, మొగుడికి కట్టారు, పోయిన కొడుక్కూ కట్టారు. ఇప్పుడు మనవడు పుట్టాడు. ఆ మరునాడే తొట్టెల, పిల్లవాణ్ణి ఉయ్యాలలో వేసి పేరు పెట్టే రోజు.

"చెంబు పోతె పోనియ్యి. నా కొడుకు ఒంటికి తాకింది గా బిళ్ళొక్కటే మిగిలింది. గది ఇయ్యుండ్రి, మీ కాళ్ళు మొక్కుత."

పెద్దక్క గంప తెచ్చి ఆమె ముందు పెట్టింది. అవ్వ చెయ్యి పెట్టి కలిపింది. ఒక్కొక్కటీ తీసింది, పారేసింది. "ఇవి నాయి గావు. నాది నల్లగుంటది. కాకి లెక్క నల్లగుంటది." పెద్దక్క ముఖం చిన్నబోయింది. తోమిన సంగతి చెప్పింది. అవ్వకు అది చెవికెక్కలేదు. నలుపు తప్ప ఆమెకు మరో గుర్తు అక్కరలేకపోయింది ఇన్నేళ్ళూ.

అప్పుడే సారు వచ్చారు. స్టూలు అవ్వ పక్కకు జరుపుకుని, మెల్లగా అడిగారు.

"దాని మీద బొమ్మ ఏమున్నదమ్మా? రాజు తలకాయ ఉన్నదా?"

"తలకాయ లేదయ్యా. ఎద్దు కొమ్ములున్నయి. చేతులకు ఏస్కున్నట్టు కొమ్ముకో కడెం ఉంటది. ఒక కడెం ఇరిగి ఉంటది."

"వెనక దిక్కు?"

"వెనక ఏం లేదు. నా అరచెయ్యి లెక్క సాఫుగ ఉంటది."

సారు కళ్ళు మెరిశాయి. గంపలో వెతికి ఒక బిళ్ళ తీసి, కాగితం పెట్టి రుద్ది అవ్వకు చూపారు. పైన ఒక అడ్డగీత, రెండు చివర్లా రెండు గుండ్రాలు వేలాడుతున్నాయి.

"ఇవి కొమ్ములు గాదమ్మా, తక్కెడ. అవి కడేలు గాదు, తక్కెడ సిబ్బెలు. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు బొంబాయి దిక్కు నడిపిన పైస ఇది. అరిగి అరిగి నీకు కొమ్ముల లెక్క కనబడ్డది."

అవ్వ బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పింది. ముఖంలో సంతోషం రాలేదు. "అంతేనా సారూ?" అంది.

"అంతే."

"మీరు సదువుకున్నోళ్ళు. మీరు అన్నంక అంతే ఉంటది." బిళ్ళను కొంగున ముడి వేసుకుని లేచింది. పెద్దక్క రెండు రొట్టెలు కట్టి ఇచ్చింది. తోమినందుకు పాపపరిహారం అన్నట్టు ఇంకో రొట్టె పైన పెట్టింది. అవ్వ కనుమరుగయ్యేదాకా ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. సారు ఆనాడు మిగతా పైసలు చూడలేదు.

మరునాడు పొద్దున ఇంకా పూర్తిగా షట్టరు లేపలేదు, సారు స్కూటరు వచ్చి ఆగింది. దాన్ని ఆయన నడిపే తీరు పెద్దక్కకు ఎప్పుడూ నవ్వులాటే. ఆ రోజు నవ్వలేదు. సారు ముఖం అట్లా ఉంది.

"తప్పు చెప్పినమ్మా. నేను తప్పు చెప్పిన."

జేబులోంచి కాగితం తీశారు. అవ్వ చెప్పింది చెప్పినట్టే పెన్సిలుతో గీశారు. రెండు కొమ్ములు. ఎడమ కొమ్ముకు నిండు కడెం. కుడి కొమ్ముకు విరిగిన కడెం.

"తక్కెడకు రెండు సిబ్బెలూ ఒకే తీరుంటయి. ఒకటి ఇరిగిందని ఆమె చెప్తనే ఉన్నది, అరిగిందేమో అనుకున్న నేను. అది ఇరగలేదు. అది అక్షరం. ఇవన్నీ అక్షరాలే. వి, ఓ, సి. ఒకదానికి ఒకటి తగిలించిన మూడక్షరాలు. హాలెండు దేశపు వ్యాపార కంపెనీ ముద్ర. ఇంగ్లీషోళ్ళది కానే కాదు, డచ్చోళ్ళది."

నాకు హాలెండూ తెలియదు, డచ్చూ తెలియదు. ఒకటే తెలిసింది. అవ్వ కొంగున ఉన్నది ఎవరిదో బిళ్ళ. ఆమెది ఇంకా మా గంపలోనే ఉంది.

"గంప ఏదే?" అన్నాను.

పెద్దక్క లోపలికి చూసింది. అక్కడ సేటు గోనెసంచి మూతి కుడుతున్నాడు. తుక్కు లారీని ఆ రోజు వదులుతారట, మధ్యాహ్నానికి వస్తుందని ఫోను వచ్చింది. గంపలోని బిళ్ళలన్నీ ఆ సంచిలో పడ్డాయి. ఆ సంచి కదిలిందా, మర్నాటికి కొలిమిలో కరిగి తీగ అవుతుంది.

"సేటూ, ఆపుండ్రి" అన్నాను.

"ఏందమ్మా నీ పరేషాను?"

సారు చెప్పారు. సేటు సూది దారం పట్టుకుని అంతా విన్నాడు. "ఇంగ్లాండో హాలెండో, మస్తు ధర పలుకుతదా సారూ?" అన్నాడు. అడగకపోతే సేటు ఎట్లా అవుతాడు?

"పలకదయ్యా. ఇసొంటివి లక్షలకు లక్షలు కొట్టిండ్రు. అది గూడ ఇంత అరిగినంక ఎవడు కొంటడు?"

"అయితే మంచిదే" అని సేటు తన చేత్తో వేసిన కుట్లు తనే తెంపాడు. సంచిని పెరట్లో బోర్లించాడు.

నలుగురం చుట్టూ కూర్చున్నాం. తోమడంతో అన్నీ ఒకే రంగు. కొమ్ములు కంటికి కనబడవు. సారు కాగితాలు చింపి ఇచ్చారు, పెన్సిలును ముక్కలు చేసి పంచారు. వెనక నున్నగా ఉన్నవాటిని నేనూ పెద్దక్కా వేరు చేశాం. వాటిని కాగితం కింద పెట్టి రుద్దాం. సేటుకు ఉర్దూ రాతలు వచ్చాయి. పెద్దక్కకు ఒక రాణి వచ్చింది, "ముక్కు మంచిగున్నదే ఈమెకు" అని పక్కన పెట్టింది. నాకు చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత నా కాగితం మీద రెండు కొమ్ములు లేచాయి. ఎడమ కడెం వచ్చింది. రుద్దుతుంటే కుడి కడెం సగం వరకు వచ్చి ఆగిపోయింది. ఆగిపోవడమే కదా కావాల్సింది. సారు మోచెయ్యి పట్టి గుంజాను.

సారు దాన్ని ఎండకు పట్టారు. భూతద్దంలో చూసి, నాకూ చూపారు. బిళ్ళ పైభాగాన అంచు తెగిన ఒక పాత పొక్క, దాని పక్కనే మరో పొక్క. మొదటిది దారం రాపిడికి అంచుదాకా తెగిపోతే, ఎవరో అవుసలాయనతో, అంటే కంసాలితో, రెండోది పెట్టించారు. సారు తృప్తిగా తలూపారు. "తరాలకు తరాలు కట్టుకున్నది ఇది. ఆమె చెప్పిందానికి సరిపోయింది."

కుల్చారానికి బస్సు లేదు. సారు స్కూటరు వెనక నేను కూర్చున్నాను. పెద్దక్కకు అప్పుడు మళ్ళీ నవ్వొచ్చింది. "పైలం సారూ, మా చెల్లె ఒక్కతే ఉన్నది మాకు. పడగొట్టకుండ్రి!"

ఊరు దాటగానే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు. కుర్రాళ్ళు రోడ్డు మీదనే వంట చేస్తున్నారు. ఒకడు గరిటె పట్టుకునే ఎదురొచ్చాడు.

"బంద్ ఉన్నది, ఎటు పోతుండ్రు? అరె, సారా! మీరు గుడ గిట్ల జేస్తే ఎట్ల సారూ?"

"బంద్ తప్పిస్తలేనురా. తొట్టెలున్నది. ఒక పసిపిల్లగాని మొలబిళ్ళ ఇచ్చి వస్తా."

"గదేం బిళ్ళ?"

సారు చూపించి, ఏ దేశందో చెప్పారు. అంతే. గరిటె పట్టినవాడు అంగీ పైకెత్తాడు. "నాది గుడ సూడుండ్రి సారూ, ఏ దేశందో!" వాడి మొలతాడుకూ ఒక బిళ్ళ. పక్కవాడూ ఎత్తాడు. చూస్తుండగా మీసాలొచ్చిన మగపిల్లలంతా అంగీలు ఎత్తుకుని వరసగా నిలబడ్డారు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. సారు స్కూటరు మీద కూర్చునే వంగి వంగి చూశారు.

"ఇది నిజాం పైస. ఇది ఇంగ్లీషు రాణిది. నీది... ఒరేయ్, ఇది సైకిల్ వాషర్రా!"

రోడ్డంతా నవ్వు. వాషర్ వాడు కూడా నవ్వాడు. "ఇన్నేండ్లు దిష్టి తగల్లే సారూ, గది సాలు" అన్నాడు. చివరికి గరిటె వాడు దారి తీశాడు. "జై తెలంగాణ అనుండ్రి, పోండ్రి." సారు చర్చిలో వాక్యం చదివే గొంతుతో అన్నారు. నేనూ అన్నాను.

అవ్వ ఇంటికి చేరేసరికి ఉయ్యాల కట్టి ఉంది. పిల్లవాడికి పసుపు రాసి, కొత్త మొలతాడు కట్టి ఉంది. తాడు ఒట్టిది. బిళ్ళ లేదు. నిన్నటి తక్కెడ బిళ్ళ అవ్వ కొంగుముడిలోనే ఉంది.

"కట్టలేదా అవ్వా?" అన్నాను.

"మనసు ఒప్పలేదు బిడ్డా. సారు అబద్ధం చెప్తడా అనుకున్న. అయినా చెయ్యి రాలే."

సారు ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "నీ చెయ్యే నిజమమ్మా. నేనే తప్పు చూసిన" అని బిళ్ళ ఆమె అరచేతిలో పెట్టారు. అవ్వ ముందు రంగు చూసి ముఖం ముడిచింది. తర్వాత బొటనవేలు అంచు మీద పోనిచ్చింది. తెగిన పొక్క దగ్గర వేలు ఆగింది.

"గిదే. నా పెండ్లయినంక మా అత్త రెండో పొక్క పెట్టించింది. గిదే నా కొడుకు బిళ్ళ."

"రెండు పొక్కలున్నయని నిన్న ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు సారు.

"మీరు బొమ్మ అడిగిండ్రు. పొక్క అడిగిండ్రా?"

సారు అంతలా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. అవ్వ నవ్వుతూనే ఏడ్చింది. అది ఇంత ఎర్రగా ఉందేమని కోడలు అడిగితే నేను చెప్పాను, పిల్లవాడి మొల చెమటకు మళ్ళీ నల్లబడుతుందని. సారు దాని సంగతి వాళ్ళకు చెప్పారు. రెండు మూడు వందల ఏళ్ళ కిందట ఓడల్లో వచ్చిన పైస. ఆ దేశం వాళ్ళు గుడ్డల బేరం కోసం మచిలీపట్నంలో కోఠీ, అంటే సరుకుల గిడ్డంగి, పెట్టారు. అక్కడి నుంచే ఏ బండి మీదనో పైకి వచ్చి ఉంటుంది, రుజువు మాత్రం చెయ్యలేనన్నారు. వెనక వైపు కిరీటం కింద ఒక గుర్తు ఉండేదట, బహుశా సింహం.

"సింహం ఏమైంది మరి?" అంది కోడలు.

"ఆ దిక్కు కడుపుకు ఆనేది కదమ్మా. మీ ఇంటి పిల్లలే రుద్ది రుద్ది మింగిండ్రు దాన్ని."

"సముద్రం దాటి మా ఇంటికొచ్చింది గానీ, మెదక్ నుంచి కుల్చారం రావాల్నంటే సారు స్కూటరు కావాల్సొచ్చింది" అంది అవ్వ. తన చేత్తోనే బిళ్ళ తాడుకు ఎక్కించింది. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. వాళ్ళ నాయన పేరే పెట్టారు.

బయల్దేరుతుంటే కొంగుముడి విప్పి తక్కెడ బిళ్ళ నా చేతిలో పెట్టింది. "గిది గుడ ఎవరి పిల్లగానిదో. ఆళ్ళు గుడ ఎతుకుతుండచ్చు. పైలంగ పెట్టుండ్రి."

ఆ మాట సేటుకు చెప్పాను. లారీ వచ్చింది, తుక్కు ఎక్కింది, బిళ్ళల గంప మాత్రం ఎక్కలేదు. దుకాణం ముందు, గల్లాపెట్టె పక్కన, మేకుకు వేలాడదీశాడు. "ఎవరిదన్న ఉంటే ఏరుకోండ్రి" అన్నాడు వచ్చినవాళ్ళతో. అప్పుడప్పుడూ ఎవరో వచ్చి ఏరుకునేవారు. దొరికినవాళ్ళు తక్కువ. దొరికినా దొరకకపోయినా కాసేపు కూర్చుని, తమ పిల్లల మాటలు మాట్లాడి పోయేవారు. ఇప్పుడు ఆ దుకాణంలో ప్లాస్టిక్ కుర్చీలు అమ్ముతున్నారు. గంప అక్కడే వేలాడుతోంది. సేటు కొడుకు దించలేదు, దేవుడు వాణ్ణి చల్లగా చూడాలి.

నేను ఎవరెవరికి రుణపడి ఉన్నానో చెప్పాలంటే వీళ్ళకే. దుకాణానికి రమ్మన్న సేటుకు. మోతలు నేర్పిన పెద్దక్కకు. ఆమె తోమకపోతే ఆ బిళ్ళ అవ్వకు అప్పుడే దొరికేది, మాకు ఈ కథే ఉండేది కాదు. అన్నిటికన్నా సారుకు. అంత చదివిన మనిషి పొద్దున్నే వచ్చి "తప్పు చెప్పిన" అనడం నేను కళ్ళారా చూశాను. ఆనాడు తిరుగుదారిలో చాయ్ హోటలు దగ్గర ఆగి, బల్ల మీద ఒలికిన చాయ్‌లో వేలు ముంచి నాకు ఆ మూడక్షరాలు రాసి చూపారు. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతే. ఇప్పటికీ ఏ బోర్డు మీద విరిగిన కడెం కనబడినా "సి" అంటాను, మా మనవరాలు నవ్వుతుంది.

ఇంక చాలు బిడ్డా, కలం పక్కన పెట్టు. ఇప్పుడు మొదటి నుంచి నాకు చదివి వినిపించు. నువ్వు దిద్దిన కాడ నా మాట కాకపోతే చెబుతాను. సారు "అరగనియ్యమ్మా" అన్న కాడ మాత్రం జర ఆగి, మెల్లగ చదువు.